ఇంటర్వ్యూలో మౌనంగా ఉండకు

బిడ్డా,

వచ్చే గురువారం నీ సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ ఉందని, టెన్షన్‌తో రెండు రోజులుగా నీకు అన్నం కూడా సయించడం లేదని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

నా మొదటి ఇంటర్వ్యూకి కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. ప్రశ్న చూడగానే దారి తట్టింది. కానీ ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడితే ఏమనుకుంటారోనని తల వంచుకుని రాస్తూ కూర్చున్నా. మధ్యలో చిన్న పొరపాటు దొర్లింది, టైమ్ అయిపోయింది. నా ఆలోచన సరిగ్గానే సాగిందని ఎదుటి మనిషికి తెలిసే వీలే లేకుండా పోయింది. ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసేది నేను. మన వరంగల్, కరీంనగర్ పిల్లల్లో అదే మౌనం చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి మాట్లాడు. ప్రశ్న వినగానే టైప్ చేయకు. ఒక జాబితాలో ఏ రెండు సంఖ్యలు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమన్నారనుకో. సంఖ్యలు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో ఉన్నాయా? నెగటివ్‌లు ఉంటాయా? అలాంటి జత లేకపోతే ఏం ఇవ్వాలి? ముందు ఇవి అడుగు. తర్వాత మొదట తట్టిన మార్గం మొరటుదైనా సరే, చెప్పెయ్. ప్రతి జతనూ కూడి చూస్తే లక్ష సంఖ్యలకు దాదాపు 500 కోట్ల జతలవుతాయి. ఆ మాట నువ్వే అని, చూసిన సంఖ్యల్ని హ్యాష్ మ్యాప్‌లో, అంటే వెతికితే వెంటనే దొరికే పట్టికలో, పెట్టుకుంటూ పోతే జాబితా ఒక్కసారి తిరిగితే చాలని, కాకపోతే మెమరీ ఎక్కువ పడుతుందని చెప్పు. కోడ్ అయ్యాక నాలుగు సంఖ్యలు తీసుకుని ఒక్కో లైనూ నోటితో చెబుతూ సరిచూడు. అక్కడ రన్ బటన్ ఉండకపోవచ్చు.

తప్పు బయటపడితే కుంగిపోకు. వరుసలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం రెండు కొసలూ కూడి సగం చేస్తాం కదా, ఆ కూడిక సుమారు 214 కోట్లు దాటితే, జావా భాషలో పూర్ణసంఖ్యలు దాచే int అనే రకంలో పట్టదు. జావాతో పాటు వచ్చే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండి, 2006లో అందరికీ తెలిసింది. తప్పు చేశారని నేనెవరినీ వద్దనలేదు. సూచన ఇచ్చినా వినిపించుకోనివాళ్లనే వద్దన్నాను.

ఇంగ్లిష్‌కి చిన్న చిన్న వాక్యాలు చాలు. రోజూ రెండు లెక్కలు మీ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెయ్. ముందు తెలుగులో చెప్పు, తర్వాత అదే ఇంగ్లిష్‌లో. ఆమెకు కోడ్ తెలియకపోయినా నువ్వు ఎక్కడ మాట ఆపేశావో చెప్పగలదు.

రెజ్యూమెలో వీడియో చూసి వదిలేసినవన్నీ తీసెయ్. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో నువ్వు రాసిన భాగమేదో స్పష్టంగా చెప్పు. ఇవన్నీ నిట్ పిల్లలకే వస్తాయని అన్నావట. అలా అనుకోకు, కోడ్ రాసే ఎడిటర్ తెరిచాక నేను చూసేది నీ ఆలోచననే.

హన్మకొండలో కరెంట్ పోతే వైఫై కూడా పోతుంది, ఫోన్ హాట్‌స్పాట్ ముందు రోజే చూసుకో. చివర్లో నిన్నేమైనా అడగమంటే, ఇంటర్న్ రాసిన కోడ్‌ను ఎవరు చూసి సరిదిద్దుతారో అడుగు.

ఆదివారం రాత్రి 8 గంటలకు ఫోన్ చెయ్. నేను ప్రశ్న ఇస్తా, నువ్వు పైకే ఆలోచించు.

మీ పెద్దమ్మ