ముందు మైకు, తరువాత కంప్యూటర్

ప్రశ్న: విజయనగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో సంగీతం చెబుతాను. జీతం 32,000 రూపాయలు. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో గాత్రం, వయొలిన్ నేర్పితే మరో 9,000 వస్తాయి. ఇంటి ఖర్చు 29,000. బ్యాంకులో 1,40,000 డిపాజిట్ ఉంది. కీర్తనలు ఇంట్లోనే రికార్డు చేసి, వీడియోలుగా కూర్చి యూట్యూబ్‌లో పెట్టాలని నా కోరిక. నా దగ్గరున్నది అయిదేళ్ల నాటి 8 జీబీ ల్యాప్‌టాప్. దుకాణంలో 1,65,000 రూపాయల గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్ చూపించి, వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చన్నారు. మార్చిలోగా కొంటే పన్ను కూడా తగ్గుతుందన్నారు. వాయిదాలు కట్టనా, గాజులు తాకట్టు పెట్టి ఒకేసారి కొననా?

జవాబు: రెండూ వద్దు. మీ పాట మధ్యలో ఆగిపోకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

1,65,000ను 12 వాయిదాలు చేస్తే నెలకు 13,750. మీకు నెలాఖరుకు మిగిలేది 12,000. మొదటి నెల నుంచే డిపాజిట్ కరగడం మొదలవుతుంది. ఇక ‘వడ్డీ లేని’ అన్న మాట. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. మొత్తం ఒకేసారి కట్టేవారికి ఇవ్వగలిగిన తగ్గింపును ఆ వడ్డీకి సర్దుతారు. వడ్డీ 15 శాతం అనుకుంటే మీ వాయిదాల్లో దాదాపు 12,660 రూపాయలు వడ్డీయే. క్రెడిట్ కార్డు వాయిదాలైతే దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 2,280, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము అదనం. ఒకేసారి కడితే ఎంతకు ఇస్తారని దుకాణంలో అడిగి చూడండి. అసలు ధర అప్పుడు బయటపడుతుంది.

పన్ను మాట మీకు వర్తించదు. కంప్యూటర్‌పై ఏడాదికి 40 శాతం తరుగుదల, అంటే వాడకంతో తగ్గే విలువ, ఖర్చుగా చూపించుకోవచ్చు, నిజమే. ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. మార్చిలో కొంటే సగమే దక్కుతుంది. అసలు మీకు పన్నే పడదు కదా! జీతం, పాఠాలు కలిపి మీ ఏడాది ఆదాయం 4,92,000. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది. ల్యాప్‌టాప్‌పై కట్టిన జీఎస్టీ వెనక్కి రావాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సేవలపై ఏడాదికి 20 లక్షల లోపు వచ్చే మీకు ఆ అవసరమే లేదు.

యూట్యూబ్ ఆదాయాన్ని నేను లెక్కలో వేయలేదు. పూర్తి ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. ఆరు నిమిషాల కీర్తనను 40,000 సార్లు చివరిదాకా వింటే 4,000 గంటలవుతుంది. రావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు.

ఇక కొనాల్సిన వాటి సంగతి. పాట రికార్డింగుకు పెద్ద కంప్యూటర్ అక్కరలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అనే మంచి నాణ్యతలో గాత్రానికో ట్రాకు, వయొలిన్‌కో ట్రాకు పెట్టి గంటసేపు రికార్డు చేసినా నిండేది ఒక్క జీబీ. మీ పాత ల్యాప్‌టాప్ ఆ పని హాయిగా చేస్తుంది. వినేవారికి తేడా తెలిసేది మైకు వల్ల, గది వల్ల. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డయినా ఖాళీ గోడల ప్రతిధ్వనిని తగ్గించలేదు. మందపాటి తెరలు, రెండు బొంతలు, పుస్తకాల బీరువా ఉన్న గదిని ఎంచుకోండి.

నాలుగు నెలల ఇంటి ఖర్చు, 1,16,000, డిపాజిట్‌లోనే ఉండాలి. నిజానికి ఆరు నెలలది కావాలి. ప్రైవేటు పాఠశాలలో వేసవి జీతం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. మిగిలిన 24,000లో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), కండెన్సర్ మైకు (చిన్న శబ్దాన్నీ పట్టే సున్నితమైన మైకు), ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ డిస్కు) తీసుకోండి. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే తీగ ద్వారానే అందే కరెంటు, కావాలి; ఇంటర్‌ఫేస్‌లో ఆ మీట ఉందో లేదో చూసుకోండి. గాత్రం, వయొలిన్ ఒకదాని తరువాత ఒకటి రికార్డు చేయవచ్చు కనుక ఒక్క మైకు చాలు. రికార్డింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

వీడియో దగ్గరే పాత యంత్రం అలసిపోతుంది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన 4కే వీడియో గంటకు 45 జీబీ! కొన్నాళ్లు ఫోనులో, 4కే కన్నా తక్కువ స్పష్టత గల 1080పీలోనే తీయండి. షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ, అంటే వీడియోకు చిన్న నకలు, పెట్టుకుని కూర్చితే ల్యాప్‌టాప్ మీద బరువు తగ్గుతుంది.

ఈ నెల నుంచే 12,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడు నెలలకు 84,000. దానితో ల్యాప్‌టాప్ కాదు, డెస్క్‌టాప్ కొనండి. 16 జీబీ ర్యామ్ చాలు, కానీ మదర్‌బోర్డులో ఇంకా పెంచుకునే స్లాట్లు ఖాళీగా ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ తీసుకుంటే పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్నది వద్దు. అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాల్సి వస్తుంది. ఎఫ్ లేనిదైతే క్విక్ సింక్ అనే ఏర్పాటు ఫోను వీడియోల భారం మోస్తుంది. మానిటర్, యూపీఎస్, బ్యాకప్ డిస్కు ఆ 84,000లోనే ఇమడాలి. వాటిని మరిచిపోయి, తరువాత క్రెడిట్ కార్డు తీసేవారిని చాలామందిని చూశాను. ర్యామ్ ధరలు నిలకడగా ఉండవు కనుక కొటేషన్ కొనే వారంలోనే తీసుకోండి.

ఈలోగా ఎవరైనా రికార్డింగుకు బయానా ఇస్తే ఆ సొమ్మునూ దీనికే జమ చేయండి. ఏడు నెలలు అయిదు కావచ్చు.