పది వరసలు మారితే లెక్కంతా మళ్లీ ఎందుకు?

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్లు, కస్టమర్లు టేబుళ్లను జాయిన్ చేసి (వరసలను జతపరిచి), ఒక్కో కస్టమర్ మొత్తం కొనుగోళ్లు చూపే మెటీరియలైజ్డ్ వ్యూ (క్వెరీ ఫలితాన్ని దాచి ఉంచే టేబుల్ లాంటిది) పెట్టుకున్నాను. పది వరసలే మారినా రిఫ్రెష్‌కి నిమిషాలు పడుతోంది. రిఫ్రెష్‌కి ‘కంకరెంట్లీ’ అనే ఆప్షన్ పెట్టినా అంతే. నా తప్పేమిటి?

జవాబు: మీ తప్పేం లేదు. పోస్ట్‌గ్రెస్‌లో రిఫ్రెష్ అంటేనే క్వెరీని మొదటినుంచీ మళ్లీ నడపడం. 9.4 వెర్షన్‌లో వచ్చిన కంకరెంట్లీ, ఆ సమయంలో వ్యూని చదివేవాళ్లు ఆగిపోకుండా చూస్తుందంతే. పాత ఫలితంతో పోల్చాలి కాబట్టి ఒక్కోసారి పని పెరుగుతుంది కూడా. పేరు చూసి నేనూ మొదట్లో ఏదో ఊహించుకున్నాను.

మీక్కావలసింది ఇంక్రిమెంటల్ వ్యూ మెయింటెనెన్స్. అంటే మారిన వరసల లెక్క మాత్రమే చేసి పాత ఫలితంలో సర్దడం. సమ్, కౌంట్ సులువే. ఆర్డరు వస్తే కలపాలి, పోతే తీసేయాలి. అప్‌డేట్ అంటే పాతది పోయి కొత్తది వచ్చినట్టు. జాయిన్ దగ్గర జాగ్రత్త. రెండు టేబుళ్లలోనూ కొత్త వరసలు చేరితే కొత్త ఆర్డర్లను పాత కస్టమర్లతో, పాత ఆర్డర్లను కొత్త కస్టమర్లతో, కొత్తవాటిని కొత్తవాటితో కలపాలి. సొంతంగా ట్రిగ్గర్లు (టేబుల్ మారగానే దానంతటదే నడిచే కోడ్) రాసేవాళ్లు ఈ మూడోదాన్ని మర్చిపోతారు, లేదా రెండుసార్లు లెక్కేస్తారు. అందుకే ట్రిగ్గర్లు మీరే రాసుకోమని చెప్పను.

అసలు తిప్పలు మ్యాక్స్‌తో. అతిపెద్ద ఆర్డరును డిలీట్ చేస్తే దాని తర్వాతిది ఏదో పాత ఫలితం చెప్పలేదు, మళ్లీ అసలు టేబుల్‌లో వెతకాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలా తమంతట తామే మారే ఇండెక్స్‌డ్ వ్యూలు మిన్, మ్యాక్స్‌లను అసలు ఒప్పుకోవు. డిస్టింక్ట్‌కి (ఒకేలాంటి వరసలను ఒక్కసారే చూపడానికి) మాత్రం చక్కటి ఉపాయముంది. ఒక్కో వరస ఎన్నిసార్లు వచ్చిందో పక్కన రాసుకుని, ఆ అంకె సున్నా అయినప్పుడే వరసను తీసేయడం. గుప్తా, ముమిక్, సుబ్రహ్మణ్యన్ 1993లో ప్రచురించిన కౌంటింగ్ పద్ధతి ఇదే.

ఒరాకిల్‌లో అయితే మెటీరియలైజ్డ్ వ్యూ లాగ్ (టేబుల్ మార్పుల చిట్టా) పెట్టి ఫాస్ట్ రిఫ్రెష్ (ఆ మార్పులనే వ్యూలో సర్దడం) వాడమనేవాణ్ని. మీరు పోస్ట్‌గ్రెస్‌కి ఈ పని నేర్పే పీజీ_ఐవీఎం ఎక్స్‌టెన్షన్ ప్రయత్నించండి. టేబుల్ మారగానే అదే ట్రాన్సాక్షన్‌లో (ఒకే దఫాగా జరిగే మార్పుల్లో) వ్యూ కూడా మారుతుంది. కాకపోతే ఆ భారం ఆర్డరు రాసే క్షణానికి చేరుతుంది. పైగా మీ వ్యూలో జాయిన్ ఉంది కాబట్టి, ఒకేసారి చాలా ట్రాన్సాక్షన్లు వస్తే వ్యూ మీద లాక్ (ఒకేసారి ఒకరే మార్చేలా వేసే తాళం) కోసం ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి.

రిపోర్టు రోజుకొకసారి చూస్తే చాలనుకుంటే ఇవేవీ వద్దు. ఎవరూ వాడని వేళకి రిఫ్రెష్ షెడ్యూల్ చేసి వదిలేయండి.