గేమ్ డిజైన్ నేర్చుకోవాలంటే లక్షలు పోసి కోర్సులో చేరాలా?

"తిరుపతిలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. గేమ్ డిజైనర్ కావాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఏడాది కోర్సుకి లక్షన్నర అడుగుతున్నారు. నాది మామూలు ల్యాప్‌టాప్. ఇంట్లో గేమ్స్ అనే మాట ఎత్తితేనే కోప్పడతారు. చేరమంటారా?" అని అడిగారు.

ఇప్పుడే చేరకండి. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలోనే ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. రెండున్నరేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను, ఒక చోట చేరాను కూడా. పాల డబ్బులు, చీటీ పాడిన డబ్బులు కలిపి మా నాయన 40 వేలు కట్టాడు. మూడు నెలల పాటు సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూలో ఏ బటన్ ఉంటుందో చెప్పారు. కంప్యూటర్‌లో కత్తి బొమ్మ చేయించారు, పీపా బొమ్మ చేయించారు. ఆ కత్తి చేతికిస్తే ఆడేవాడు ఏం చేస్తాడు, ఎందుకు చేస్తాడు అన్న మాట ఒక్క రోజు కూడా రాలేదు. బటన్లు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. గేమ్ డిజైన్ అంటే ఆడేవాడి చేతిని, ముఖాన్ని చూడటం అని నాకు అర్థమైంది ఆ క్లాసులో కాదు. అది ఎక్కడెక్కడ నేర్చుకున్నానో చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

మా చిన్నాయన తిరుపతిలో చిన్న నెట్ సెంటర్ నడిపేవాడు. వేసవి సెలవులంతా నేను అక్కడే. పొద్దున పూట దర్శనం టికెట్లు, హాల్ టికెట్ల ప్రింట్లు, ఎంసెట్ ఫలితాలు. సాయంత్రం అయిందంటే కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. గంటకి 20 రూపాయలు. ఆడేది వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, ఐజీఐ. వాళ్ళ కుర్చీల వెనక నిలబడి చూడటమే నా పని. ఐజీఐ 2000లో వచ్చిన తుపాకుల ఆట. అందులో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. చచ్చిపోతే మొదటి నుంచి రావాలి. గంటలో ఇంకా పది నిమిషాలు ఉందనగా ఆడేవాడి తీరే మారిపోయేది. అప్పటిదాకా ఎదురు వెళ్ళి కాల్చినవాడు గోడల చాటున పాక్కుంటూ పోయేవాడు, పక్కవాడు మాట్లాడితే విసుక్కునేవాడు. మిషన్ అయిపోవస్తుంటే జేబు తడుముకుని "అన్నా, ఇంకో అరగంట" అనేవాడు. ఆ ఆట చేసినవాళ్ళు మన గంట అద్దెని ఊహించి ఉండరు. ఆ రూలుకి ఈ అద్దె తోడై ఇక్కడ వేరే ఆట తయారైంది. అప్పుడు నాకు ఈ మాటలు తెలియవు, కానీ చూసింది మాత్రం మర్చిపోలేదు.

తర్వాత పబ్జీ కాలం. 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021 జులైలో బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చింది. లాక్‌డౌన్‌లో మా ఊళ్ళో సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు కింద కూర్చుని ఆడేవాళ్ళం. దానికి అంత పిచ్చి ఎందుకు పట్టిందని అడిగితే తుపాకుల వల్ల అనుకోను. నలుగురం ఒకే చోట దిగి, మైకులో ఊరి కబుర్లు చెప్పుకోవడానికి అదొక రచ్చబండ. ఒక ఆటని జనం దేనికి వాడుకుంటున్నారో చూడకుండా అది మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం దండగ.

మీరు మొదలుపెట్టాల్సింది ల్యాప్‌టాప్ మీద కాదు. మా ఊరి గుడి అరుగు బండ మీద పులిమేక గళ్ళు చెక్కి ఉంటాయి. మీ ఊళ్ళోనూ ఉండొచ్చు, వెతకండి. 3 పులులు, 15 మేకలు, 23 చోట్లు. మేకలవాడు ఒక్కొక్క మేకనే దించాలి, అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మేక మీద నుంచి దూకి అవతలి ఖాళీలోకి పోతే ఆ మేక పోయినట్టే. పులులు కదల్లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. రెండు పక్షాలకీ బలం వేరు, రూళ్ళు వేరు, అయినా ఇద్దరికీ గెలిచే దారి ఉంది. ఇలాంటి బ్యాలెన్స్ కుదర్చడానికి పెద్ద పెద్ద స్టూడియోలే నెలల తరబడి కుస్తీ పడతాయి.

ఇన్‌స్టిట్యూట్ మానేసిన వారమే చార్టు మీద ఆ గళ్ళు గీసి, చింతగింజలు మేకలుగా, గులకరాళ్ళు పులులుగా పెట్టి హాస్టల్లో ఆడించాను. మొదట రూళ్ళు ఉన్నవి ఉన్నట్టే. తర్వాత మేకల్ని 12కి తగ్గించాను. దాదాపు ప్రతి ఆటా పులులదే. అది ఊహించిందే కానీ, ఊహించనిది ఇంకోటి జరిగింది. 15 మేకలున్నప్పుడు మేకలవాడు ఒక మేక పోతే "పోనీలే" అని పైకే అనేవాడు. 12 ఉన్నప్పుడు మొదటి మేక పోగానే మాట్లాడటం మానేసేవాడు, మూడోది పోయాక ఫోన్ చేతిలోకి తీసుకునేవాడు. ఆట ఇంకా నడుస్తోంది, అతను మాత్రం లేచిపోయినట్టే. మళ్ళీ 15 చేసి, అన్నీ దిగకముందే మేకలు కదలొచ్చు అని రూలు మార్చాను. ఈసారి పులులవాడికి ఆవలింతలు. ఒక్క అంకె, ఒక్క రూలు మారిస్తే ఎదుటి మనిషి ముఖం మారుతుంది. అదెలా మారుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇరవై రూపాయల చార్టుతో నేను నేర్చుకున్నంత ఆ 40 వేల కోర్సులో నేర్చుకోలేదు.

ఇక ల్యాప్‌టాప్. నాది 4 జీబీ ర్యామ్‌ది. గోడో అనే గేమ్ ఇంజన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, వాడాను. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూడొచ్చు, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, ఫైల్ తెరిస్తే నడుస్తుంది. అందులో రాసే భాష పైథాన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి బీటెక్ వాళ్ళకి కొత్తగా అనిపించదు. మొదటి ఆటగా ఒక మనిషి, నాలుగు గట్లు, మధ్యలో గుంతలు పెట్టాను. గుంత మీద నుంచి దూకాలి, అంతే.

దాన్ని మా రూమ్మేట్ తమ్ముడికి ఇచ్చాను. ఏడో తరగతి. వాడు గట్టు అంచుదాకా పరిగెత్తి మాటిమాటికీ గుంతలో పడుతున్నాడు. "నువ్వు లేటుగా నొక్కుతున్నావురా" అన్నాను. "లేదన్నా, నేను నొక్కినా, అదే ఎగర్లేదు" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మనసు ఒప్పుకోక వాడి వేలు, స్క్రీను రెండూ కనపడేలా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. రాత్రి కూర్చుని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. బొమ్మ కాలు గట్టు దాటిన నాలుగైదు ఫ్రేములకి వాడి వేలు కీ మీద పడుతోంది. ఆట సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది, ఆ లెక్కన అది సెకనులో పదో వంతు కూడా కాదు. కంప్యూటర్ లెక్కలో వాడు గాల్లో ఉన్నాడు కాబట్టి ఎగరలేడు. వాడి కంటికి మాత్రం ఇంకా అంచు మీదే ఉన్నాడు. తప్పు వాడిది కాదు, నాది.

దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. కయోటీ టైమ్ అంటారు. కాలు గట్టు దాటాక కూడా ఓ ఆరేడు ఫ్రేముల పాటు దూకే అవకాశం ఇవ్వడం. నాలుగు లైన్ల కోడ్. మర్నాడు వాడికి ఏమీ చెప్పకుండా మళ్ళీ ఇచ్చాను. ఒక గుంత దాటాడు, రెండోది దాటాడు, కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు. ఏం మారిందో వాడికి తెలియదు. "ఈరోజు నేను బాగా ఆడతాండా" అన్నాడు.

ఆ తర్వాతే 1985 నాటి సూపర్ మారియో మొదటి లెవెల్‌ని మళ్ళీ ఆడి చూశాను. ఎడమ పక్క మనిషి, కుడి పక్క ఖాళీ, ఏం చేయాలో ఒక్క అక్షరం కూడా రాసి ఉండదు. ఎటు పోవాలో ఆ ఖాళీయే చెబుతుంది. ఎదురుగా నడిచొచ్చే మొదటి శత్రువు దూకడం నేర్పుతుంది. తగిలితే చస్తావు, కానీ పోయేది కొన్ని సెకన్లే. ఎప్పుడో చిన్నప్పుడు ఆడేసిన ఆటలో ఇంత ఆలోచన ఉందని అప్పుడు గానీ నాకు తెలియలేదు. మీకిష్టమైన ఆటని ఒకసారి ఇలా ఆపుకుంటూ ఆడండి.

లెవెల్ డిజైన్, అంటే ఆటలో దారినీ అడ్డంకుల్నీ పేర్చడం, ఆ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. సెమిస్టర్ పరీక్షలయ్యాక మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి నడిచి ఎక్కాం. 3,550 మెట్లు. ఎన్నోసార్లు ఎక్కిన దారే. ఆ రోజు గాలిగోపురం దగ్గర కూర్చుని కాళ్ళు నొక్కుకుంటుంటే తట్టింది. మొదటి భాగమంతా నిట్టనిలువు. కానీ రాత్రి పూట లైట్లతో గాలిగోపురం ఊళ్ళోంచే కనిపిస్తుంది, అక్కడిదాకా ఎక్కితే చాలు అన్న గురి ముందే మనసులో పడిపోతుంది. అది దాటాక నడక తేలిక. జింకల పార్కు, దారి పొడుగునా అంగళ్ళు, చెట్ల నీడ. ఊపిరి కుదుటపడి, మాటల్లో పడి, కాస్త దూరం రోడ్డు వెంట నడిచాక మోకాళ్ళ పర్వతం ఎదురవుతుంది. అలసిపోయాక వచ్చే ఆ నిలువు మెట్లే అందరికీ గుర్తుండిపోతాయి. ఆ పక్కనే ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ వంగి లేస్తూ ఎక్కే ఆడవాళ్ళు ఉంటారు. దారి ఒకటే, ఎవరు ఎంత కష్టం ఎంచుకుంటారో వాళ్ళిష్టం. స్వామి దారిని ఆటతో పోల్చానని అనుకోకండి, నేను భక్తితోనే ఎక్కాను. మనిషి అలసటనీ ఆశనీ తెలిసినవాళ్ళు వేసిన దారి అది అని మాత్రం చెబుతున్నాను. నా ఆటలో అన్ని గుంతలూ ఒకే వరసన కష్టమవుతూ పోయేవి. దిగి వచ్చాక మధ్యలో ఒక తేలిక భాగం పెట్టి, గమ్యం దూరం నుంచి కనపడేలా చేశాను. అప్పటిదాకా మూడో లెవెల్లో వదిలేసేవాళ్ళు చివరిదాకా ఆడారు.

ఇంట్లోవాళ్ళ సంగతి. మా నాయనకి గేమ్ అంటే రమ్మీ. మా ఊళ్ళో ఒకాయన ఫోన్‌లో రమ్మీ ఆడి ఆవుల్ని అమ్ముకున్నాడు. అది కళ్ళారా చూసిన మనిషి భయపడటంలో తప్పేముంది? 2020లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించారు, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. నేను చేసేది అది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఎక్కలేదు. చెప్పడం మానేసి చూపించాను.

మాకు మూడెకరాల తోతాపురి తోపు ఉంది. దాని మీదే ఒక చిన్న ఫోన్ ఆట చేశాను. కాయ కోసి ట్రాక్టర్‌కి ఎత్తి, ఏ జ్యూస్ ఫ్యాక్టరీ క్యూలో నిలబెట్టాలో, ఏ రేటుకి దించాలో ఎంచుకోవాలి. ఒక రాత్రి అన్నం తిన్నాక ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను. ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూపుడు వేలితో ఒక్కొక్కటే నొక్కాడు. రేటు పెరిగేదాకా ట్రాక్టర్‌ని కదపలేదు. అలా మూడు సార్లు గెలిచి, నా వైపు తిరిగి, "ఏంరా, కోసిన కాయ రెండు దినాలు ఎండలో నిలబడితే మెత్తబడి నీరు కారతాది. నీ బండిలో కాయ వారమైనా అట్నే ఉండాదే?" అన్నాడు.

నా ఆటలోని లోపం మొత్తం ఆ మాటలో ఉంది. ఆగితే నష్టం లేదు కాబట్టి అందరూ ఆగుతున్నారు, ఆగడంలో టెన్షన్ లేదు. కాయ పండటం చేర్చాను. గంట గంటకీ రంగు మారుతుంది, బరువు తగ్గుతుంది. ఇప్పుడు రేటు కోసం ఆగాలా, వచ్చినకాడికి దించేయాలా అని వేలు తటపటాయిస్తుంది. ఆ తర్వాత నాయన ఫోన్ చేసినప్పుడల్లా "క్యూలో దొంగతనంగా ముందుకి దూరేవాళ్ళని పెట్టినావా?" లాంటివి అడుగుతున్నాడు. మీ నాన్నగారి పని ఏదో నాకు తెలియదు కానీ, ఆయనకి తెలిసిన పని మీద ఒక ఆట చేసి చేతికివ్వండి.

మిగతావి గబగబా చెప్తాను. ఆట తయారయ్యాక ఇచ్ డాట్ ఐఓ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. ప్లే స్టోర్‌కి ఒకసారి 25 డాలర్లు కట్టాలి, పైగా కొత్త వ్యక్తిగత ఖాతా అయితే ఆటని పరీక్షించే 12 మంది టెస్టర్లు 14 రోజులు వరసగా ఉండాలి. కాలేజీలో ఉన్నారు కాబట్టి మనుషులకి కరువు లేదు, అయితే వాళ్ళని లెక్క కోసం కాకుండా నిజంగా ఆడించండి. 48 గంటల్లో ఒక ఆట చేసే గేమ్ జామ్‌లలో ఒక్కదానిలోనైనా చేరండి, చిన్న ఆటని పూర్తిచేయడం అక్కడే అలవాటవుతుంది. నేను ఒకసారి నారాయణాద్రి రైలెక్కి లింగంపల్లిలో దిగి, హైదరాబాద్‌లో జరిగిన గేమ్ డెవలపర్ల సదస్సుకి వెళ్ళాను. నా పోర్ట్‌ఫోలియోలో, అంటే నేను చేసి చూపించే పనుల్లో, కత్తుల్ని, పీపాల్ని ఎవరూ ఆగి చూడలేదు. మామిడికాయల ఆట దగ్గర మాత్రం ఒకావిడ కూర్చుని ఇరవై నిమిషాలు ఆడింది. పుణేలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న జట్టు మన పురాణాల మీద చేసిన రాజీ అనే ఆట 2020లో విడుదలై ప్రపంచమంతా ఆడారు. అలాంటి స్టూడియోలు పుణే, బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి. చదువుగానే కావాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) బెంగళూరులో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. బీటెక్ మాత్రం మానకండి.

ఈ ఆదివారం చార్టు, చింతగింజలు తెచ్చుకుని పులిమేకలో ఒకే ఒక్క రూలు మార్చి ఇద్దరి చేత ఆడించండి. వాళ్ళు ఆడుతున్నంతసేపూ మీరు నోరు విప్పకండి. ఎవరు ఎక్కడ ఆగారో, ఎప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నారో రాసి ఈ జవాబు కింద పెట్టండి. చదివి, నేనైతే ఏం మారుస్తానో చెబుతాను.