రాయి కన్నా ముందు చీటీ చూడు

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు రాత్రి కంప్యూటర్ మీద పెద్దవి చేసి చూశాను. ఫోన్లో చెబితే సగం నాకే గుర్తుకు రాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను. ముందు చేదు మాట చెప్పేస్తాను. నువ్వు చెల్యాబిన్స్క్ ఉల్క అనుకుని కొన్న రాయి చెల్యాబిన్స్క్ కాదు, అసలు ఉల్కే కాదు. మూడో ఫోటోలో విరిగిన చోట చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తున్నాయి చూడు, అవి కొలిమిలో లోహం కరిగించాక మిగిలే చిట్టెంలో ఉంటాయి, ఉల్కల్లో దాదాపుగా కనిపించవు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో పడిన ఆ రాళ్ళకి పైన పల్చటి నల్లటి పెంకు ఉంటుంది, లోపల లేత బూడిద రంగు, మధ్యలో నల్లటి సన్న గీతలు, అక్కడక్కడ మెరిసే ఇనుప రవ్వలు. నీ దానిలో ఇవేవీ లేవు. అయస్కాంతానికి అంటుకుంది కదా మావయ్యా అన్నావు. చిట్టెమూ చాలాసార్లు అంటుకుంటుంది, మాగ్నటైట్ అనే మామూలు ఇనుప ఖనిజం అయితే గట్టిగా అంటుకుంటుంది. అమ్మినవాణ్ణి డబ్బు వెనక్కి అడుగు. ఇవ్వకపోతే వదిలెయ్, దాని గురించి టెన్షన్ పడి ఈ సరదానే మానేయకు. ఇది చాలా గొప్ప సరదా తల్లీ, నాకు ఇరవై ఏళ్ళుగా తోడున్నది.

నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న రాయి గురించి కాదు. దీని పేరేంటి, ఎక్కడ దొరికింది, మీకంటే ముందు ఎవరి దగ్గర ఉంది, ఆ వివరాలు రాసిన చీటీ ఉందా అని అడుగు. ఉల్కకి పేరు అంటే అది దొరికిన చోటు పేరే. ఆ పేరుని ఒప్పుకునేది ఉల్కల శాస్త్రవేత్తల సంఘమైన మెటియోరిటికల్ సొసైటీ వాళ్ళ కమిటీ, ఒప్పుకున్న ప్రతిదీ వాళ్ళ బులెటిన్ డేటాబేస్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. సహారా ఎడారిలో సంచార జాతులవాళ్ళు ఏరి మొరాకోలో అమ్మేవాటికి దొరికిన చోటు కచ్చితంగా తెలియదు కాబట్టి ఎన్‌డబ్ల్యూఏ అని, అంటే వాయవ్య ఆఫ్రికా అని, పక్కన ఒక నంబర్ ఇస్తారు. ఆ నంబర్ ఊరికే రాదు, 20 గ్రాములు గానీ మొత్తం బరువులో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది, ఒక గుర్తింపు ఉన్న సంస్థలో నమూనాగా పెట్టాలి. అందుకని ఎవరైనా నీకు నంబర్ చెబితే డేటాబేస్ తెరిచి, రకం ఏంటి, మొత్తం బరువు ఎంత అని చూడు. మొత్తం 300 గ్రాములే దొరికిన రాయిని ఒకడు కేజీలు కేజీలు అమ్ముతున్నాడంటే నీకే అర్థమవుతుంది.

చీటీ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత పొరపాటే కారణం. ఇల్లు మారేటప్పుడు, ప్యాకింగ్ తొందరలో, ఎనిమిది కోసిన ముక్కల్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేశాను, చీటీలు నలిగిపోతాయని వేరే కవర్లో పెట్టాను. కొత్త ఇంట్లో డబ్బా తెరిచేసరికి ఐదింటిని గుర్తుపట్టాను, మూడు ఒకేలా గోధుమ రంగులో, ఒకేలా చుక్కలతో ఉన్నాయి. బరువులు రాసి పెట్టుకుని ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. రాసుకోలేదు. వాటిలో ఒకటి నాలుగు నెలలు డబ్బు కూడబెట్టి కొన్నది, అది ఏదో తెలియక ఈ రోజుకీ పేరు లేకుండానే ఉన్నాయి మూడూ. అందుకే బంగారం షాపుల్లో వాడే రకం చిన్న తూకం ఒకటి కొనుక్కో, గ్రాములో వందో వంతు చూపించేది. ప్రతి ముక్కకీ బరువు, పేరు, కొన్న తేదీ, అమ్మిన మనిషి, సైజు తెలిసేలా పక్కన ఒక సెంటీమీటర్ ఘనం పెట్టి తీసిన ఫోటో, ఇవన్నీ ఉంచుకో. రాయీ చీటీ ఒకే డబ్బాలో ఉండాలి. పాత చీటీ నలిగినా మరక పడినా పారేయకు. హార్వీ నైనింజర్ అని, మా అరిజోనాలో రూట్ 66 హైవే పక్కన మ్యూజియం పెట్టి నడిపిన పెద్దాయన, తన రాళ్ళ మీద చిన్నగా నంబర్లు పెయింట్ చేసేవాడు. ఆయన సేకరణ 1958లో కొంత బ్రిటిష్ మ్యూజియానికి, 1960లో మిగతాది అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళింది. ఆ పెయింట్ నంబర్ ఉన్న ముక్క బయట కనబడితే, అదే ఉల్కకి చెందిన మామూలు ముక్క కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటారు. అది మరక అనుకుని కడిగేస్తే ఇంకేముంది!

అయస్కాంతం మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇప్పుడు దొరికే బలమైన నియోడిమియం అయస్కాంతాల్ని రాళ్ళకి తాకించకు. బ్లాక్ బ్యూటీ అని పిలిచే అంగారకుడి రాయి ఉంది, ఎన్‌డబ్ల్యూఏ 7034. ఆ గ్రహానికి ఒకప్పుడు ఉన్న అయస్కాంత క్షేత్రం గుర్తులు అందులో ఉండాల్సింది, మనుషులు చేతి అయస్కాంతాలతో పరీక్షించి చెరిపేశారని తేలింది. అది చదివినప్పటి నుంచీ నేను దారానికి కట్టిన బలహీనమైన పాత అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చి, అది ఊగుతుందా అని చూస్తాను, అంతే. టైల్ వెనక మెరుపు పూత లేని గరుకు వైపు రాయిని గీసి చూడు, ఎర్రటి గీత పడితే హెమటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం, ముదురు బూడిద గీత పడితే మాగ్నటైట్, ఉల్క అయితే సాధారణంగా గీతే పడదు. ఈ పరీక్షలన్నీ కాదని చెప్పడానికే పనికొస్తాయి, అవునని చెప్పాలంటే ల్యాబ్ కావాలి.

మొదట కొనడానికి రెండు చాలు. ఒకటి సిఖోటె అలీన్, 1947 ఫిబ్రవరి 12న రష్యా తూర్పు కొసన పడిన ఇనుము, బొటనవేలితో మట్టిని నొక్కినట్టు గుంటలుండే ముక్క. రెండోది నంబర్ ఉన్న మామూలు రాతి ఉల్క, ఒక వైపు కోసి నునుపు చేసింది. భూతద్దం పెట్టి చూస్తే ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనబడతాయి. భూమి ఇంకా పుట్టకముందు అంతరిక్షంలో కరిగి గడ్డకట్టిన బొట్లవి, దాదాపు 456 కోట్ల ఏళ్ళ నాటివి. మొదటిసారి చూసిన రాత్రి నేను మీ అత్తని నిద్రలేపి మరీ చూపించాను. చంద్రుడివీ అంగారకుడివీ తర్వాత కొనొచ్చు, కొన్నా వేలిగోరంత ముక్క చాలు.

ఇప్పుడు తుప్పు. 2009లో విశాఖ వచ్చినప్పుడు అమ్మమ్మకి చూపిద్దామని అర్జెంటీనా ఇనుప ఉల్క ఒకటి తెచ్చాను, క్యాంపో డెల్ సియెలో, ఆ మాటకి ఆకాశపు పొలం అని అర్థం. ఆకాశం నుంచి పడిందనగానే అమ్మమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టి, రోజూ నీళ్ళు చల్లి పసుపూ కుంకుమా పెట్టింది. నేను వద్దనలేకపోయాను, అంత భక్తిగా చేస్తుంటే ఎలా అంటాం. మరుసటి ఏడాది వెళ్ళేసరికి సముద్రపు గాలికీ ఆ నీళ్ళకీ అది పొరలు పొరలుగా ఊడిపోతోంది. నువ్వుండే డాలస్ మా ఫీనిక్స్ అంత పొడి ఊరు కాదు. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టు, కొన్ని నెలలకోసారి మార్చు, వట్టి చేతులతో పట్టుకోకు, చెమటలో ఉప్పు ఉంటుంది. తుప్పు మొదలైతే బ్రష్‌తో గీకి, నీళ్ళు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో నానబెట్టి, బాగా ఆరబెట్టి, పల్చగా నూనె రాయి. ఇనుము లోపలి అడ్డగీతల అల్లిక కనబడాలని కొందరు ఇంట్లోనే నైట్రిక్ యాసిడ్‌తో కడుగుతారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దు, చేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

చట్టం సంగతి సరదాగా తీసుకోకు. ఇక్కడ అమెరికాలో బీఎల్ఎం అనే శాఖ చూసే ప్రభుత్వ భూముల్లో 2012 నాటి నియమం ప్రకారం మనిషికి ఏడాదికి పది పౌండ్ల దాకా సొంతానికి ఏరుకోవచ్చు, అమ్మకూడదు. నేషనల్ పార్కుల్లో ముట్టుకోకూడదు. ఒకరి సొంత స్థలంలో దొరికితే అది వాళ్ళదే, ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకో. అరిజోనాలోనే ఉన్న గోల్డ్ బేసిన్‌లో 1995లో బంగారం కోసం వెతుకుతున్న ఒక రిటైర్డ్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌కి ఉల్కలు దొరికాయి, అక్కడికి నేను మెటల్ డిటెక్టర్ పట్టుకుని మూడుసార్లు వెళ్ళి తుప్పుపట్టిన మేకులు తెచ్చాను, నాలుగోసారి 11 గ్రాముల రాయి దొరికింది. దాన్ని ఎవరికీ అమ్మను, ఇవ్వను. అర్జెంటీనా, నమీబియా లాంటి దేశాలు బయటికి తీసుకెళ్ళడాన్ని నిషేధించాయి కాబట్టి అక్కడివి కొనేటప్పుడు ఎప్పుడు దేశం దాటిందో అడుగు. మన దేశంలో పడినవాటిని భద్రపరిచేది జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. మన వైపు పడ్డవీ ఉన్నాయమ్మా, 1814లో గుర్రంకొండ, 1852లో నెల్లూరు వైపు, 1870లో పార్వతీపురం దగ్గర నెడగొల్ల అని రికార్డుల్లో ఉన్న ఊరు. 1865లో బీహార్ షేర్‌ఘాటిలో పడిన రాయి పేరుతోనే అంగారకుడి రాళ్ళలో ఒక పెద్ద తెగని ఇప్పటికీ పిలుస్తున్నారు. ఎవరైనా ఊళ్ళో దొరికింది, చీకట్లో అమ్ముతామంటే ఆ జోలికే వెళ్ళకు, సర్వే వాళ్ళకి చెప్పమను.

అమ్మేటప్పుడు గ్రాముకింత అని అమ్ముతారు. అతికించినా, పూత పూసినా, అంచు రుద్దినా నువ్వే ముందు చెప్పు. ఈ లోకం చాలా చిన్నది, నాతో మార్పిడి చేసుకునేవాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఆ పదిహేను మందే, ఒక్కసారి మాట పోతే ఎవరూ పార్సిల్ పంపరు. ఇంకొకటి, దీన్ని పెట్టుబడి అనుకోకు. సహారా రాళ్ళు గుట్టలుగా వచ్చాక మామూలు రాళ్ళ ధరలు ఎంత పడ్డాయో కళ్ళారా చూశాను, ఇంటి లోన్ కట్టాల్సిన డబ్బుతో కొన్నవాళ్ళు బాధపడ్డారు.

జనవరి చివర్లో అరిజోనాలోని టూసాన్‌లో రాళ్ళూ ఉల్కలూ అమ్మే ప్రదర్శన మొదలవుతుంది, ఫిబ్రవరి మధ్య దాకా ఉంటుంది. మొదటి శనివారానికి టికెట్ చూసుకో, నేను ఫీనిక్స్ ఎయిర్‌పోర్ట్‌కి వస్తాను, అక్కణ్ణుంచి కారులో రెండు గంటలు. మొదటి రోజు ఏమీ కొనవు, పట్టుకుని చూడ్డమే, నూరు రాళ్ళు చేత్తో పట్టుకుంటే గానీ బరువు తెలియదు. ఈలోగా నీకు దగ్గర్లో, ఐ-20 హైవే మీద పడమరకి ఐదు గంటలు పోతే ఉల్క పడి ఏర్పడిన ఒడెస్సా గుంట ఉంది, దాదాపు 168 మీటర్ల వెడల్పు, ఒక వారాంతం వెళ్ళి చూసి రా. ఏరడానికి కాదు, చూడ్డానికే. ఆ చిట్టెం ముక్క కూడా టూసాన్‌కి తెచ్చుకో, పక్కన అసలు చెల్యాబిన్స్క్ పెట్టి చూపిస్తాను.

నీ మావయ్య