చెప్పులోని రాయి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైందని, ఆఫీసు పనితోపాటు ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో పాలుపంచుకోవాలని ఉందని, ఏది ఎంచుకోవాలో తేలక జాబితాలు చూస్తూనే వారాలు గడిచిపోతున్నాయని రాశావు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పని చేసిన రోజుకో గడి పచ్చబడుతుంది కదా, తోటివాళ్ల ప్రొఫైళ్లు రోజూ అలా పచ్చగా కనిపిస్తుంటే టెన్షన్‌గా ఉందని కూడా రాశావు. ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడిగా నాకు తోచింది చెబుతాను.

ముందు ఆ జాబితాలు మూసెయ్ తల్లీ. నువ్వు వాడే ఎడిటర్, కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కూర్చే బిల్డ్ టూల్, టెస్టులు నడిపే లైబ్రరీ, డేటాబేస్ డ్రైవర్, వీటిలో చాలావాటి సోర్స్ కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. పోయిన నెల ఫోన్లో ఏం చెప్పావో గుర్తుందా? కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క కామా తప్పిపోతే బిల్డ్ టూల్ "ఫైలు సరిగ్గా లేదు" అని ఊరుకుందన్నావు. ఏ ఫైలో, ఏ లైనో చెప్పకపోవడంతో మధ్యాహ్నమంతా దానికే పోయిందన్నావు. ఆ ఎర్రర్ మెసేజే నీ మొదటి పని. అది చెప్పులోని రాయి లాంటిది. కొత్తగా నడిచేవాళ్లకు గుచ్చుకుంటుంది, ఏళ్ల తరబడి ఆ ప్రాజెక్టులో ఉన్నవాళ్లకు అలవాటైపోయి తెలియదు. ఇంకో ఏడాదికి నీకూ తెలియకుండా పోతుంది. అందుకే ఇప్పుడే ఒక చిన్న ఫైలు పెట్టుకో. పనిచేస్తుండగా ఎక్కడ ఆగిపోయావో, ఏ డాక్యుమెంటేషన్ చదివి తికమకపడ్డావో, ఒక్కో ముక్క రాసి తేదీ వేసుకో. మూడు నెలల తర్వాత ఏ ప్రాజెక్టు అని నన్ను అడగాల్సిన పని ఉండదు.

చిన్న ఇబ్బందిని వదిలిపెట్టకపోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ ఒకటే గుర్తొస్తుంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ వేరే పని మీద ఉండగా, తన టెస్ట్ మెషీన్లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని ఎవరైనా వదిలేస్తారు. ఆయన వదల్లేదు. తీగ లాగుతూ వెళ్తే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిపెట్టిన బ్యాక్‌డోర్, అంటే సర్వర్లలోకి దొంగదారి, బయటపడింది. అది లెక్కలేనన్ని సర్వర్లలోకి పాకకముందే దొరికింది. ఆయన ఆ ప్రాజెక్టు మనిషి కాదు, వాడుకునే మనిషి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక లోపం కనిపించాక ఏం చేయాలి? వెంటనే కోడ్ రాయకు. ముందు ఆ లోపం మళ్లీ కనిపించేలా అతి చిన్న ఉదాహరణ తయారుచెయ్. నీ ఆఫీసు ప్రోగ్రామ్ నాలుగు వేల లైన్లుంటే, సంబంధం లేనిదంతా తీసేస్తూ తీసేస్తూ పదిహేను లైన్లకు తేవాలి. ఈ కోతలోనే, తప్పు లైబ్రరీది కాదు, నాదే అని తేలిపోయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అలా తేలినా ఆ సమయం వృథా కాదు. తేలకపోతే ఆ ప్రాజెక్టు పేజీలో ఇష్యూ, అంటే లోపం గురించిన నివేదిక, రాయి: ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏం చేశావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది. "పనిచేయడం లేదు" అని రాస్తే చదివేవాళ్లకు ఏ దారీ దొరకదు.

పాత వెర్షన్‌లో బాగానే ఉండి కొత్తదాంట్లో చెడిందనుకో, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలోని బైసెక్ట్ వాడు. మధ్యలో వెయ్యి కమిట్లు (అందులో నమోదైన మార్పులు) ఉన్నా, ప్రతిసారీ సగానికి సగం తగ్గుతాయి కాబట్టి పది పరీక్షల్లో తప్పు కమిట్ చేతికొస్తుంది. దొరికాక ఆ కమిట్ మెసేజ్ చదువు. ఆ లైను అలా రాయడానికి ఎవరికో ఒక కారణం ఉండి ఉంటుంది. అది తెలుసుకోకుండా మారిస్తే వాళ్లు ఎప్పుడో మూసిన బగ్గును నువ్వు మళ్లీ తెరుస్తావు. మన పనిలో కోడ్ రాసే గంటలకంటే చదివే గంటలే ఎక్కువ. ఇతరుల కోడ్ ఓపిగ్గా చదవడం నేను నేర్చుకున్నది ఆఫీసులో కాదు, ఇలా బగ్గుల వెంట తిరుగుతూనే.

నా మొదటి ప్యాచ్, అంటే ఒక ప్రాజెక్టుకు నేను పంపిన మొదటి కోడ్ సవరణ, సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. సరిచేయాల్సింది మూడు లైన్లు. నేను దాంతోపాటు ఫైలంతా ఇండెంటేషన్ మార్చి, నాకు నచ్చని వేరియబుల్ పేర్లు కూడా మార్చి పంపాను. ఆరు వందల లైన్ల మార్పు. మూడు వారాలు జవాబు రాలేదు. చాలా బాధపడ్డాను, అవమానంగా అనిపించింది. తర్వాత ఆ ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్ ఒక్క మాట రాశారు: ఇందులో బగ్‌కు సంబంధించినది మాత్రమే విడిగా పంపండి, దానికో టెస్ట్ కూడా జోడించండి అని. పంపాను, రెండు రోజుల్లో తీసుకున్నారు. అందుకే చెబుతున్నాను, ఒక పుల్ రిక్వెస్ట్‌లో (నీ మార్పును తీసుకోమని పంపే అభ్యర్థనలో) ఒకే మార్పు పెట్టు. చదివేవాళ్లు పదినిమిషాల్లో అర్థం చేసుకోగలిగేంత ఉండాలి.

జవాబు ఆలస్యమైతే నొచ్చుకోకు. అవతలివాళ్లు చాలామంది ఉద్యోగం, ఇల్లు చూసుకున్నాక మిగిలిన సమయంలో ఆ పని చేస్తున్నారు. గిట్‌నే చూడు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఆ జులైలోనే జునియో హమానోకు అప్పగించారు. అప్పటినుంచి దాన్ని నిలబెడుతున్నది హమానో గారు. ఇరవై ఏళ్లుగా వచ్చే ప్యాచ్‌లు చదవడం, సరిదిద్దమని చెప్పడం, విడుదలలు చూసుకోవడం. మన పరిశ్రమ మొదలుపెట్టినవాళ్లకు ఇచ్చిన గౌరవం మోసుకొచ్చినవాళ్లకు ఇవ్వలేదని నా నమ్మకం. ఎక్స్‌జెడ్‌లో జరిగింది కూడా అదే. ఏళ్లుగా ఒంటరిగా మోస్తూ అలసిపోయిన మనిషి మీద, పని ఆలస్యమవుతోందని కొందరు ఒత్తిడి తెచ్చారు. సాయం చేస్తానని నమ్మకంగా వచ్చిన చేతికి ఆయన తాళాలు ఇచ్చారు. బ్యాక్‌డోర్ దాచింది ఆ చేతే. నువ్వు రాసే ప్రతి కామెంట్‌కు ముందు ఇది తలచుకో. ప్యాచ్ పంపడానికి తీరిక లేకపోతే ఇతరుల ఇష్యూ తీసుకుని నీ మెషీన్లో వస్తోందో లేదో పరీక్షించి చెప్పు. అదే వాళ్లకు పెద్ద సాయం.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, నువ్వు రాసిన కోడ్ ఎవరికి చెందుతుందని ఉందో చదువు. అర్థం కాకపోతే మేనేజర్‌ని అడిగి అనుమతి మెయిల్‌లో తీసుకో. ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే ఎమ్‌ఐటీ, అపాచీ, జీపీఎల్ లైసెన్సుల మధ్య తేడా ఒక సాయంత్రం కూర్చుని తెలుసుకో. ఆఫీసు కోడ్, లాగ్‌లు బయట ఇష్యూల్లో అతికించకు. పాస్‌వర్డో, అలాంటిదే అయిన ఏపీఐ కీనో (ఒక ప్రోగ్రామ్ మరో సేవను వాడుకునే రహస్య కోడ్) పొరపాటున కోడ్‌తోపాటు బయటికి పుష్ అయిందంటే, కమిట్ తీసేస్తే సరిపోదు, ఎవరో అప్పటికే తీసుకుని ఉండొచ్చు. ఆ కీ రద్దు చేసి కొత్తది పెట్టాలి. భద్రతా లోపం దొరికితే బహిరంగంగా రాయకు, మెయింటైనర్లకు విడిగా తెలియజెయ్.

పచ్చగడుల మాటకొస్తే, దయచేసి వాటి వెంట పడకు. ప్రొడక్షన్లో సమస్య వచ్చి పొద్దంతా లాగ్‌లు చూసిన రోజు రాత్రి మళ్లీ ల్యాప్‌టాప్ తెరవడం నాకు ఇష్టం లేదు. నేను కొన్నేళ్లు అలా చేసి మణికట్టు నొప్పి తెచ్చుకున్నాను, నెలల తరబడి మౌస్ పట్టుకోలేకపోయాను. వారానికి రెండు గంటలు, అలసట లేని రోజున పెట్టుకో. రెండు వారాలు కుదరకపోతే కుదరలేదంతే, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

ఈ ఆదివారంలోగా ఆ కామా సంగతి చిన్న ఉదాహరణతో ఇష్యూగా రాసి, పంపేముందు నాకు చూపించు. అదివరకే ఎవరైనా రాసి ఉన్నారేమో ముందు వెతుకు. ఉంటే కొత్తది తెరవకు, నీ ఉదాహరణ అందులోనే జోడించు. ఆ మెసేజ్ వచ్చే చోటు కోడ్‌లో దొరక్కపోతే సాయంత్రం ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఇట్లు,
నీ మామయ్య