నర్సింగులో చేరబోతున్న చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు బీఎస్సీ నర్సింగులో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి సంతోషమూ కంగారూ రెండూ కలిసి నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. బడి అనగానే పొద్దున్నే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల, చుట్టాలు వస్తే ధాన్యం బస్తాల వెనక నక్కే పిల్ల ఆస్పత్రిలో ఎలా నెగ్గుకొస్తుందని మీ నాన్న బెంగపడుతున్నాడట. ఆయన బెంగ వేరు, నా బెంగ వేరు. నువ్వు భయపడతావని నాకు దిగులు లేదు; భయం వేసినప్పుడు నోరు మూసుకుని కూర్చుంటావే, దాని గురించే ఈ ఉత్తరం.

ముందుగా అందరూ చెప్పే మాటలు చెప్పేస్తాను. కళాశాలకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. గోళ్ళు కత్తిరించుకో, సెకన్ల ముల్లున్న గడియారం కొనుక్కో. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది కనుక మొదటిది ఈ వారమే వేయించుకో. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా నేరుగా సూదుల తెల్ల డబ్బాలో వెయ్యి.

ఇక అసలు సంగతి. నేను శిక్షణలో ఉన్న రోజుల్లో మా బ్యాచిలో ఒక అమ్మాయి ఉండేది. చదువులో మా అందరికన్నా చురుకైనదే గాని, పెద్దవాళ్ళ ముందు నోరు పెగిలేది కాదు. ఒక సాయంత్రం మగవాళ్ళ మెడికల్ వార్డులో, మధుమేహంతో చేరిన ఒక ముసలాయనకు భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వమని ఆమెకు చెప్పారు. కేస్ షీటులో డాక్టరు నాలుగు అంకె వేసి, యూనిట్లు అని పూర్తిగా రాయడానికి బద్ధకించి పక్కన ఇంగ్లీషు ‘యు’ ఒక్కటే పెట్టాడు. ఆ తొందర రాతలో అది సున్నాలా పడి, నాలుగు కాస్తా నలభై అయింది. అప్పట్లో మా దగ్గరున్న ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, అంటే సిరంజి నిండా మందు. వార్డులో ఇంకెవరికీ అంత మందు ఇవ్వడం చూడని ఆ అమ్మాయికి అనుమానం రానే వచ్చింది. సిరంజి ట్రేలో పెట్టుకుని సిస్టరు బల్ల దాకా వెళ్ళింది. అక్కడ సిస్టరు ఆయా మీద కేకలేస్తూ ఉంది. వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, చివరికి ఆ మందు ఇచ్చేసింది.

కాసేపటికి ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, పొంతన లేని మాటలు మొదలయ్యాయి. పక్క మంచం రోగి కొడుకు గమనించి కేక పెట్టబట్టి సరిపోయింది. రక్తంలో చక్కెర పడిపోయిందని గ్రహించి, చక్కెర ద్రావణమైన 25 శాతం డెక్స్‌ట్రోజ్ నరంలోకి ఎక్కిస్తే, ఆయన కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు. ఆయన బతికాడు గాని, ఆ అమ్మాయి చాలా కాలం మందుల ట్రే ముట్టుకోవాలంటేనే వణికిపోయేది.

విచారణలో అందరూ ఆ పిల్లనే నిలబెట్టారు. రాసినాయన రాత సంగతి, అడిగినవాళ్ళ మీద మండిపడే సిస్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు యూనిట్లు అని పూర్తిగా రాయాలంటున్నారు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడు వంటి, మోతాదు తప్పితే ప్రాణం మీదికి తెచ్చే మందులను ఇద్దరు నర్సులు ఎవరికి వారుగా సరిచూడాలని, ఫోనులో చెప్పిన ఆర్డరును రాసుకుని తిరిగి చదివి వినిపించాలని నేర్పుతున్నారు. నియమాలు ఎన్ని ఉన్నా, ‘ఇది నలభయ్యేనా సిస్టర్?’ అని ఎవరో ఒకరు పైకి అనాలి కదా! నీకు గొంతు రాకపోతే కేస్ షీటు తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించు. డాక్టరుకు ఫోను చేయాల్సి వస్తే, ఏ మంచం, ఏ జబ్బు, ఇప్పుడు నువ్వు ఏం చూశావు, ఆయన ఏం చేయాలని అడుగుతున్నావు అన్నవి ముందే ఒక చీటీ మీద రాసుకుని చదువు. తిడితే తిట్టనీ. తిట్లు తిన్న నర్సులను వందలమందిని చూశాను, ఒక్కరికీ ప్రాణం పోలేదు.

ఇంత కటువుగా రాస్తున్నానని చిన్నబుచ్చుకోకు తల్లీ. మా అమ్మ కాలి పుండుకు రోజూ కట్టు మార్చిన ఆ ఏడాది నాకు బాగా గుర్తుంది. మొదట్లో నువ్వు గుమ్మం అవతలే నిలబడేదానివి. నిన్ను బలవంతంగా లోపలికి లాగవద్దని మీ అమ్మకు చెప్పాను. అలాగని పూర్తిగా తప్పించనూ వద్దన్నాను, ఎందుకంటే కడుపునొప్పి అన్నప్పుడల్లా బడి మాన్పించబట్టే అది అంతగా ముదిరింది. తప్పించుకున్న కొద్దీ భయం బలుస్తుంది. కొన్నాళ్ళు నువ్వు గిన్నె పట్టుకున్నావు, కొన్నాళ్ళు గాజుగుడ్డ కత్తిరించి ఇచ్చావు. ఒక రోజు నేను వచ్చేసరికి ఆలస్యమైతే, పుండుకు అంటుకుపోయిన పాత కట్టును లాగకుండా సెలైన్ చుక్కచుక్కగా పోసి నానబెడుతూ, ‘అమ్మమ్మా, ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు ఒక అంచు లేపుతాను, నొప్పి పుడితే నా చెయ్యి గిల్లు’ అని ఒక్కో పనీ చేసే ముందు చెబుతున్నావు. అలా చెప్పాలని నీకు ఎవరూ నేర్పలేదు. హఠాత్తుగా మీద పడేది ఎంత హడలగొడుతుందో చిన్నప్పటి నుంచి అనుభవించావు కనుక నీకు తెలిసింది. రోగికి శ్రమకన్నా భయమూ, ఏమవుతుందో తెలియకపోవడమూ, ఎదురుచూపూ ఎక్కువ చేటు చేస్తాయని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. మేము దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాము. నిన్ను నర్సింగు చదివించమని ఆ రోజే మీ అమ్మతో అంటే నవ్వేసింది!

రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయేమోనని అడిగావట. మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది. రక్తం చూసి సొమ్మసిల్లేవాళ్ళకు మాత్రం కాస్త పెరిగినట్టే పెరిగి గభాలున పడిపోతుంది. అందుకే అక్కడ ఒళ్ళు వదులు చేసుకోకూడదు, బిగించాలి. తొడలూ చేతులూ పొట్టా పదిహేను సెకన్లు బిగబట్టి, ముఖం వేడెక్కాక వదిలి, అర నిమిషం ఆగి మళ్ళీ బిగించు. ఇంటి దగ్గరే రోజూ సాధన చెయ్యి. ఆపరేషన్ థియేటరులో వేసిన రోజు టిఫిన్ మానవద్దు. అప్పటికీ కళ్ళు బైర్లు కమ్మితే పక్కవాళ్ళకు చెప్పి గోడవారగా నేల మీద కూర్చో. సిగ్గుపడి నిలబడి, పనిముట్ల ట్రాలీ మీద పడిన మహాతల్లులు నాకు తెలుసు.

నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, డ్యూటీ అనగానే ఆ పాత కడుపునొప్పి తిరిగి వచ్చినా అమ్మకో నాకో చెప్పు. మాకు చెప్పలేకపోతే 14416కు ఫోను చెయ్యి. మనసు బాగాలేనివాళ్ళు మాట్లాడడానికి 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఫోను సేవ, టెలీ మానస్ అది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మొదటి పోస్టింగు ఏ వార్డులో వేశారో తెలిసిన రోజే నాకు రాయి. మెడికల్ వార్డు అయితే, ఇన్సులిన్ చార్టు చదవడం నేర్పడానికి మీ హాస్టలుకు నేనే ఒక పూట వస్తాను, మీ వార్డెను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఇట్లు,
నీ పెద్దమ్మ