హ్యూమిడిఫయర్ కొనకండి, ముందు పైకప్పు తెరవండి

హైదరాబాద్‌లో మేడ మీద పదడుగుల గ్రీన్‌హౌస్ కట్టించుకున్నానని, అందులో ఆంథూరియంలు, ఆర్కిడ్లు పెట్టానని రాశారు. మధ్యాహ్నం లోపల 44 డిగ్రీలు, తేమ 25 శాతం చూపిస్తోందని, ఆకుల అంచులు మాడిపోతున్నాయని, గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్లలో ఏది మంచిదో చెప్పమని అడిగారు. ఏదీ కొనకండి. మీ గ్రీన్‌హౌస్‌కి తేమ తక్కువై కాదు, వేడి ఎక్కువై ఈ అవస్థ. గాలి వేడెక్కే కొద్దీ తేమ శాతం దానంతట అదే పడిపోతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలి, అందులోంచి ఒక్క చుక్క నీరు పోకపోయినా, 35 డిగ్రీలకు చేరేసరికి 45 శాతానికి వచ్చేస్తుంది. వేడి తగ్గిస్తే తేమ సగం సర్దుకుంటుంది. ఇది నాకు తొంభై కుండీలు పోయాక తెలిసింది.

మూడేళ్ల కిందట మే నెలలో పెళ్లికని తెనాలి వెళ్లాం. నాలుగు రోజులు. మా మేడ మీద గ్రీన్‌హౌస్ పది బై పన్నెండు. ఇనప పైపులు, పైన 200 మైక్రాన్ల యూవీ ప్లాస్టిక్ షీటు, పక్కలకు చుట్టి పైకెత్తే కర్టెన్లు. కింద పోర్షన్‌లో ఉండే అబ్బాయికి తాళం చెవి ఇచ్చి, "రోజూ పొద్దున్నే నీళ్లు పొయ్యి నాన్నా, లోపల తేమ మాత్రం పోనివ్వకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆ అబ్బాయి నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. రెండో రోజు వడగాలి మొదలైందని కర్టెన్లు నాలుగూ దించి, తలుపు గట్టిగా మూసి, నేల కూడా తడిపి వెళ్లాడు.

ఐదో రోజు తెల్లవారి బస్సు దిగి, కాఫీ కూడా తాగకుండా మేడెక్కాను. తలుపు తీయగానే ఉడికిన తోటకూర వాసన కొట్టింది. ఆంథూరియం ఆకులు నల్లబడి కుండీల అంచుల మీద తడిగుడ్డల్లా వాలిపోయాయి. ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఆకు వేలితో నొక్కితే నీరు ఊరింది. కలేథియాల్లో ఒక్క ఆకు నిలబడి లేదు. మట్టి తడిగానే ఉంది, షీటుకు లోపలి వైపు నీటి బొట్లు కారుతున్నాయి. తేమకు ఏ లోటూ లేదు. గరిష్ఠ ఉష్ణోగ్రతను గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి మూలన వేలాడదీశాను. అది 56 చూపించింది.

లోపల చోటు చాలక ఆరు కుండీలు బయట నీళ్ల ట్యాంకు నీడలో వదిలేసి వెళ్లాను. మూడు ఆంథూరియంలు, రెండు అలొకేషియాలు, ఒక ఫిలోడెండ్రాన్. అదే అబ్బాయి, అవే నీళ్లు, అదే వడగాలి. అంచులు కాస్త ఎర్రబడ్డాయి తప్ప ఆరూ నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ అబ్బాయి వారం రోజులు నా మొహం చూడలేకపోయాడు. తప్పు అతనిది కాదు, నేను చెప్పిన మాటది.

మనకు చెమట ఎలాగో, ఆకుకు నీటి ఆవిరి అలాగ. ఆకు ఆ ఆవిరి వదిలే చల్లబడుతుంది. చుట్టూ గాలి అప్పటికే తేమతో నిండిపోయి, కదలకుండా ఉంటే ఆవిరి బయటికి పోదు. పైనుంచి ఎండ వస్తూనే ఉంటుంది. మూత పెట్టిన ఇడ్లీ పాత్రలో మొక్కను కూర్చోబెట్టడమే అది. మీరు ఇప్పుడు హ్యూమిడిఫయర్ పెట్టి తలుపులు మూస్తే జరిగేది ఇదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకు గ్రీన్‌హౌస్ కట్టినాయన పైన కిటికీ పెట్టలేదు. వేడిగాలి పైకే కదా పోయేది, దారి ఏదండీ అని అడిగితే "పైన తెరిస్తే వాన కొడుతుంది మేడమ్" అన్నాడు. వానకు రేకు ఒకటి వాల్చుకోవచ్చు, వేడికి ఏం వాల్చుకుంటాం? వీడియోలు చూద్దామంటే చాలావరకు చలి దేశాలవే. వాళ్లు వేడిని పట్టి ఉంచడానికి కట్టుకుంటారు. మనకు ఆ అవసరం డిసెంబర్, జనవరి రాత్రుల్లోనే. అప్పుడు హైదరాబాద్‌లో 12 డిగ్రీలకు కూడా పడుతుంది, ఆంథూరియంకు 15 లోపు పడదు. మిగతా కాలమంతా ఆ షీటు మొక్కలకు శత్రువే అని నా అభిప్రాయం, ఎవరు కాదన్నా మార్చుకోను.

అసలైన గ్రీన్‌హౌస్ మన తమలపాకు తోట. చిన్నప్పుడు తెనాలి దగ్గర చూసేవాళ్లం. అవిసె చెట్లు దగ్గర దగ్గరగా పెంచి వాటి మీదికి తీగ పాకిస్తారు, వరసల మధ్య కాలువల్లో నీళ్లుంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం రోడ్డు మీంచి ఆ తోటలోకి అడుగు పెడితే ఒళ్లు చల్లబడేది. గోడ లేదు, షీటు లేదు. పైన నీడ, కింద తడి, మధ్యలో గాలి, అంతే. అంత పల్చటి ఆకు ఎండాకాలమంతా మాడకుండా నిగనిగలాడుతూ ఉండేది.

నేను దాన్నే మేడ మీద కట్టుకున్నాను. మార్చి మొదటి వారంలో పైన షీటు విప్పేస్తాను. 75 శాతం షేడ్ నెట్ పైపులకు అడుగున్నర ఎత్తులో వేరేగా కట్టించాను. మీరు షీటు ఉంచుకున్నా సరే, నెట్ మాత్రం బయటే కట్టండి. లోపల కడితే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసినట్టు, నెట్ వేడెక్కి ఆ వేడంతా మొక్కల మీదికే వదులుతుంది. నేల మీద గోనె సంచులు పరిచి పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి తడుపుతాను. సీసాతో ఆకుల మీద స్ప్రే చేయడం వల్ల పావుగంట కూడా తేమ నిలవదు, పైగా మా బోరు నీళ్లకు ఆకుల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. అదే నీరు అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫయర్లో పోస్తే నీళ్లలోని ఉప్పంతా తెల్ల పొడిలా మొక్కల మీద పడుతుంది.

ఇంకా చల్లదనం కావాలంటే మామూలు గడ్డి కూలర్ చాలు. కానీ దాని వీపు బయటికి ఉండాలి, బయటి పొడిగాలిని పీల్చాలి, ఎదురు వైపు గాలి పోవడానికి తెరిచి ఉండాలి. కూలర్‌ను లోపలే పెట్టి అన్నీ మూస్తే మళ్లీ ఇడ్లీ పాత్రే. బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం గడ్డి బాగా తడిస్తే కూలర్‌లోంచి వచ్చే గాలి 29 దాకా దిగుతుంది. ఆ గాలిలో తేమ కూడా ఉంటుంది, మీరు హ్యూమిడిఫయర్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టండి. ఇది హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఊళ్ల మాట. విశాఖలో మా చెల్లెలు నన్ను చూసి కూలర్ కొంది, నాలుగు డిగ్రీలు కూడా తగ్గలేదు. అక్కడ గాలిలో అప్పటికే నీరుంది, ఇంకేం పీలుస్తుంది? ఆమెకు నీడ, ఫ్యాను సరిపోయాయి.

కడియం నర్సరీల నుంచి తెప్పించిన మొక్కలైతే మొదటి నెల గ్రీన్‌హౌస్‌లో కాకుండా ట్యాంకు నీడ లాంటి చోట ఉంచండి. గోదావరి గాలికి అలవాటు పడ్డ ఆకులు ఇక్కడ ఎలాగూ కొన్ని రాలతాయి, కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయొద్దు. చాలామంది అక్కడే వేర్లు కుళ్లబెట్టి, మొక్కలు అమ్మినవాళ్లను తిడతారు.

మీకు ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. పైకప్పు నడినెత్తిన, పొడవునా అడుగు వెడల్పు షీటు కోసి దారి ఇవ్వండి, పక్క కర్టెన్లు రెండడుగులు ఎత్తండి. కరెంటు పోయినా అది పనిచేస్తుంది. మేలో మధ్యాహ్నం పూట కరెంటు పోవడం మీకు నేను చెప్పనక్కర్లేదు. థర్మామీటర్ ఎండ తగలకుండా, మొక్కల ఎత్తులో కట్టి మూడింటికి చూడండి. జూన్‌లో వానలు మొదలయ్యాక కూలర్‌లో నీళ్లు ఆపేయండి. ఫ్యాన్ మాత్రం రాత్రి కూడా తిరగనివ్వండి, లేదంటే ఆ తడికి ఆకుమచ్చ తెగులు పట్టుకుంటుంది.